ఆరు వారముల యెడము

"దావా ఖారిజైనది" అను మాట మన నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములలో నేటికిని పెద్దల నోట వినబడుచుండును. కోస్తా జిల్లాల వారు ఇదే సంగతిని "కేసు కొట్టివేసినారు" అని చెప్పుకొందురు. మిసలు, పేషీ, ఫైసలా, దరఖాస్తు మొదలైనవానివలె ఇదియు నిజాము కాలపు కచేరీ భాషనుండి మనకు దిగివచ్చిన మాట. బాన్సువాడ వంటి ఊరిలో కోర్టు వాకిట కొంతసేపు నిలిచి చూచినవారికి ఆ మాట బరువు తెలియును. ఫైసలా విన్న కక్షిదారు కాగితములను నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకొనును. బస్సు చార్జీకి చిల్లర సరిచూచుకొనును. ఎవరితోను మాటాడక ఇంటిదారి పట్టును. అతని లెక్కలో కథ అంతటితో ముగిసినది.

చరిత్ర లెక్క మాత్రము కొంచెము వేరుగా ఉండును. నెగ్గిన దావాలను లోకము జ్ఞాపకముంచుకొనును. ఓడిన దావాలు మరుగున పడును. కాని, ఓడిన దావాలో వేయబడిన ప్రశ్న న్యాయమైనదైనచో, అది న్యాయస్థానపు మెట్లు దిగిపోదు. పదేండ్లకో, ముప్పదియేండ్లకో మరియొకని పేర, మరియొక రాష్ట్రమునుండి, తిరిగి అదే గుమ్మము నెక్కివచ్చును. అట్టి పిటిషను నొకదానిని గురించి నేటి ప్రసంగమున ముచ్చటించుకొందము. అది మన హైదరాబాదు రాష్ట్రమునుండి వెళ్ళినది. దానిని వేసినవారు తెలంగాణా పల్లెలకు చెందినవారు. ప్రతివాది హైదరాబాదు ప్రభుత్వము. దానిని సుప్రీముకోర్టు 1951 మార్చి 16వ తేదీన కొట్టివేసినది. న్యాయశాస్త్ర గ్రంథములలో దానికి "జనార్దనరెడ్డి మరికొందరు, హైదరాబాదు రాష్ట్రము" అని పేరు.

ఆ రోజుల దేశస్థితిని ముందుగా ఒకపరి తలచుకొనవలెను. బాన్సువాడ అప్పుడు హైదరాబాదు సంస్థానములో నిజామాబాదు జిల్లాకు చెందిన తాలూకా. మంజీరాపై నిజాంసాగరము కట్టి అప్పటికి రెండు దశాబ్దములు కావచ్చినది. కాలువ నీరు పారిన చోట్ల చెరకు, వరి పండుచుండెను. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో మండినంతగా రైతాంగ పోరాటము ఈ వైపున మండలేదు. అయినను ఆ కాలపు వేడి ఇచ్చటికిని తగిలినది. నిజామాబాదు ఖిల్లా జైలు రాజకీయ ఖైదీలతో నిండెను. మహాకవి దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఆ గోడలమధ్యనే బందీలై ఉండిరి. బొగ్గుముక్కతో జైలు గోడపై దాశరథి పద్యము వ్రాసిన వృత్తాంతము తెలియని తెలుగువాడుండడు.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలియగుటతో వెట్టిచాకిరికిని, దేశ్‌ముఖుల దౌర్జన్యమునకును ఎదురుతిరిగిన రైతుల ఉద్యమము కొత్తరూపు దాల్చెను. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు సంస్థానములో ప్రవేశించెను. ఐదు దినములలో నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. మేజరు జనరలు చౌధురి మిలిటరీ గవర్నరుగా పాలన చేపట్టెను. రజాకార్ల పీడ వదలినది. కాని కమ్యూనిస్టుల నాయకత్వమున సాయుధులైన రైతు దళములకును, కొత్త ప్రభుత్వమునకును పోరు ఆగలేదు. ఆ పోరాటమును విరమించుచున్నట్లు ప్రకటించినది 1951 అక్టోబరులో.

ఈ నడుమ మిలిటరీ గవర్నరు ప్రభుత్వము స్పెషల్ ట్రిబ్యునళ్ళను నెలకొల్పెను. మామూలు సెషన్సు కోర్టుల పద్ధతిలో కేసులు తేలుటకు ఆలస్యమగునని, శాంతిభద్రతల పరిస్థితి విషమముగా ఉన్నదని ప్రభుత్వపు వాదము. రజాకార్ల నాయకుడైన ఖాసిం రజ్వీని విచారించినదియు ఇట్టి ట్రిబ్యునలే. అవి యొక పక్షమువారికొరకు మాత్రమే పుట్టినవని చెప్పుట పొరపాటగును. కాని అవి అసాధారణమైన కాలమున పుట్టిన అసాధారణమైన న్యాయస్థానములు. వాటి యెదుట నిలువబడిన తెలంగాణా రైతులలో కొందరికి 1949 ఆగస్టులో హత్యానేరములకు మరణశిక్ష పడెను. వారు హైదరాబాదు హైకోర్టుకు అప్పీలు చేసికొనిరి. ఆ అప్పీళ్ళు 1949 డిసెంబరు నెల నడుమ నిరాకరింపబడెను. ఉరిశిక్షలు ఖాయమయ్యెను. అట్లు ఉరికంబము నీడలో నిలిచినవారు పండ్రెండుగురు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఆ నేరారోపణలు చిన్నవి కావు. హతులైనవారికిని ఇండ్లు, భార్యాబిడ్డలు ఉండిరి. ఆ పండ్రెండుగురు నిర్దోషులా, దోషులా అని డెబ్బదియేండ్లు దాటిన తరువాత రేడియో ముందు కూర్చుండి తీర్పుచెప్పు అధికారము మాకు లేదు. మన ప్రశ్న వేరు. ఒక మనిషి ప్రాణము తీయుటకు రాజ్యము నిశ్చయించుకొన్నప్పుడు, ఆ నిశ్చయమునకు ముందు అతనికి దక్కవలసిన కనీసపు మర్యాద యేమి? అతని పక్షమున నిలిచి మాటాడుటకు న్యాయమెరిగిన మనిషి యొకడు ఉండవలెనా, అక్కరలేదా?

ఆ రైతుల ఫిర్యాదు ఇదే. తమకు న్యాయవాదిని పెట్టుకొను అవకాశము సరిగా కలుగలేదనియు, బంధుమిత్రులకు కబురంపుకొను వీలు లేకపోయెననియు, ప్లీడరు సహాయము లేకయే తమ విచారణ నడచెననియు వారు చెప్పుకొనిరి. ఆ దృశ్యమును ఒక్క నిమిషము ఊహించుకొనుడు. ముద్దాయి తెలుగు తప్ప మరొకటి యెరుగని పల్లెవాసి. సంస్థానపు కోర్టుల భాష తరతరములుగా ఉర్దూ. చట్టపు పుస్తకముల భాష ఇంగ్లీషు. సాక్షి చెప్పినదానిలో ఏ మాట తన మెడకు చుట్టుకొనునో, ఏ మాట తనను విడిపించునో వానికి తెలియదు. క్రాసు పరీక్ష అనగా నేమో వాడెరుగడు. మేము మాటను నమ్ముకొని బ్రదుకువారము. వినువాని భాషలో చెప్పని మాట చెప్పినట్లు కాదని మా వృత్తి మాకు ప్రతిదినమును నేర్పుచుండును. ఆ పాఠము న్యాయస్థానమునకును వర్తించును. తనకు బోధపడని విచారణలో కూర్చున్నవాడు బోనులో ఉన్నను లేనివానితో సమానమే.

హైకోర్టు తీర్పు వచ్చిన ఆరు వారములకు దేశచరిత్రలో ఒక గొప్ప దినము వచ్చెను. 1950 జనవరి 26వ తేదీన భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. రాజ్యాంగమును అంగీకరించుచు నిజాము అంతకు రెండు నెలల ముందే, 1949 నవంబరులో, ఫర్మాను వెలువరించి యుండెను. హైదరాబాదు రిపబ్లిక్కులో ఒక రాష్ట్రమయ్యెను, నిజాము రాజప్రముఖుడయ్యెను. జనవరి 28వ తేదీన సుప్రీముకోర్టు పార్లమెంటు భవనములోని రాజుల మందిరములో కొలువుదీరెను. నిన్నటివరకు నిజాము ప్రజలైనవారు నేడు ప్రాథమిక హక్కులు గల పౌరులైరి. చంచల్‌గూడ జైలులో నున్నవాడును, బాన్సువాడ పొలములో నున్నవాడును ఆ క్షణమున పౌరులే.

పండ్రెండుగురు ఖైదీల పక్షమున ఢిల్లీ తలుపు తట్టుట అప్పుడు మొదలయ్యెను. వారి పక్షమున వాదించుటకు ఇంగ్లండునుండి డి.ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. వలసరాజ్యములలో రాజకీయ ముద్దాయిల పక్షము వహించుటలో ఆయన పేరెన్నికగన్నవాడు. తరువాత రెండేండ్లకు కెన్యాలో జోమో కెన్యాట్టా పక్షమున నిలిచినదియు ఆయనయే. తెలంగాణా కేసు నాటికి ఇచ్చట ఊరూర దేశదేశముల విన్నపములు సాగుచుండెను. కాని న్యాయస్థానములో విన్నపములు చెల్లవు. అధికరణములు, సెక్షనులు మాత్రమే చెల్లును.

మొదటి తలుపు అప్పీలు తలుపు. రాజ్యాంగము 136వ అధికరణము ప్రకారము భారతదేశ భూభాగమందలి ఏ కోర్టు తీర్పుపైనైనను అప్పీలునకు సుప్రీముకోర్టు ప్రత్యేకానుమతి ఇయ్యవచ్చును. ఖైదీలు దానిని కోరిరి. ఆ కోరికకు 1950 డిసెంబరులో సమాధానము వచ్చెను. హైదరాబాదు హైకోర్టు తీర్పు 1949 డిసెంబరు నాటిది. ఆనాటికి రాజ్యాంగము లేదు. రాజ్యాంగము చెప్పు అర్థములో హైదరాబాదు అప్పటికి భారతదేశ భూభాగము కాదు. అప్పుడే ముగిసిపోయిన తీర్పును తిరిగి తెరచుటకు కొత్త న్యాయస్థానమునకు అధికారము లేదు. తలుపు మూసికొన్నది.

ఈ తర్కములో తప్పు పట్టుట కష్టము. కొత్తచట్టము పాత సంగతులను తిరగదోడరాదను సూత్రము న్యాయశాస్త్రమున చిరకాలముగా ఉన్నదే. అయినను దాని ఫలితము చూడుడు. ఒక మనిషికి దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు చెప్పుకొను హక్కు కలదా లేదా అనునది అతని నేరమునుబట్టి గాని, సాక్ష్యపు బలాబలములనుబట్టి గాని కాక, క్యాలెండరులో ఆరు వారముల యెడమునుబట్టి తేలినది.

ఆ యెడము విలువ యెంతటిదో అదే హైదరాబాదునుండి వెళ్ళిన మరియొక కేసు తెలుపును. వరంగల్లు సుబేదారుగా పనిచేసిన హబీబ్ మహమ్మదు అను అధికారిపై 1947 డిసెంబరులో గూర్తూరు గ్రామమున జరిగిన దారుణమునకు సంబంధించి హత్యాది నేరములు మోపబడెను. ఆయన కేసులో హైకోర్టు తీర్పు రాజ్యాంగము వచ్చిన తరువాత వెలువడెను. కావున సుప్రీముకోర్టు తలుపు ఆయనకు తెరచియుండెను. విచారణ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమను ఆయన వాదమును కోర్టు అంగీకరింపలేదు. కాని సాక్ష్యమును పరిశీలించి, ముఖ్యసాక్షిని ప్రభుత్వపక్షము బోనెక్కింపలేదనియు, అందుచే ముద్దాయికి అన్యాయము జరిగినదనియు నిశ్చయించి, 1953 అక్టోబరులో శిక్షను రద్దుచేసెను. రెండు కేసులలోని నేరములు వేరు, మనుష్యులు వేరు. వానిని తూచి చూచుట మా ఉద్దేశ్యము కాదు. ఒకనికి సాక్ష్యమును తిరిగి చూచువారు దొరకిరి. పండ్రెండుగురికి దొరకలేదు. నడుమ నున్నది ఒక తేదీ.

అప్పీలు తలుపు మూసికొనిన పిమ్మట మిగిలినది 32వ అధికరణము. ప్రాథమిక హక్కులకు భంగము కలిగినవాడు నేరుగా సుప్రీముకోర్టునే ఆశ్రయింపవచ్చునని ఈ అధికరణము చెప్పుచున్నది. రాజ్యాంగమునకు ఇదియే హృదయమని రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరు అభివర్ణించినది దీనినే. ఖైదీల వాదమిది: "మా విచారణ పాతకాలమున జరిగినది నిజమే. కాని మేము నేడు జైలులో ఉన్నాము. నేడు మమ్ము ఉరితీయబోవుచున్నారు. నేటి నిర్బంధమునకు నేటి రాజ్యాంగము సమాధానము చెప్పవలెను. మమ్ము శిక్షించిన ట్రిబ్యునలు ఏర్పాటే చట్టసమ్మతము కాదు. న్యాయవాది లేని విచారణ విచారణయే కాదు." హేబియస్ కార్పస్ మొదలైన రిట్లు కోరుచు వారు మూడు పిటిషనులు దాఖలు చేసికొనిరి.

అమెరికాలోని ఒక కేసును ప్రిట్ ఉదాహరించెను. 1931లో అలబామా రాష్ట్రమున తొమ్మండుగురు నల్లజాతి యువకులను పట్టుకొని, న్యాయవాదుల నామమాత్రపు సహాయముతో హడావిడిగా విచారించి, వారిలో ఎనమండుగురికి మరణశిక్ష విధించిరి. 1932లో అమెరికా సుప్రీముకోర్టు ఆ శిక్షలను రద్దుచేసెను. నిరక్షరులు, నిరుపేదలు, ప్రాణాపాయమున నున్నవారు తమంతట తాము వాదించుకొనజాలరు గనుక, వారికి సరియైన న్యాయసహాయము కల్పించుట కోర్టు ధర్మమనియు, అది లేనిచో న్యాయప్రక్రియయే లేనట్లనియు చెప్పెను. అలబామా యువకులకును, తెలంగాణా రైతులకును మధ్య సముద్రములున్నవి. కాని నిస్సహాయత యొక్కటే.

1951 మార్చి 16వ తేదీన తీర్పును జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ వినిపించెను. ఇందులో ఒక విచిత్రమున్నది. దానికి పదినెలల ముందు, 1950 మే నెలలో, ఏ.కె. గోపాలన్ కేసు తీర్పు వచ్చెను. వ్యక్తి స్వేచ్ఛను హరించుటకు శాసనసభ చేసిన ఏదో యొక చట్టముండిన చాలదు, ఆ పద్ధతిలో న్యాయముండవలెను, ముద్దాయి చెప్పుకొనుటకు అవకాశముండవలెను అని ఆనాడు తక్కిన న్యాయమూర్తులతో విభేదించి వ్రాసినవాడు ఈ ఫజల్ అలీయే. స్వేచ్ఛపక్షమున నిలిచిన అట్టి న్యాయమూర్తి నోటనుండియే ఈ పిటిషనులు కొట్టివేయబడుట వినవలసివచ్చినది. అందుచే ఈ తీర్పు హృదయము లేనివారు వ్రాసినదని త్రోసివేయుటకు వీలులేదు.

ఆయన తర్కము ఇట్లు సాగెను. అధికారముగల న్యాయస్థానము విధించిన శిక్షననుసరించి ఒకడు జైలులో ఉన్నప్పుడు, ఆ విచారణలోని లోటుపాటులను హేబియస్ కార్పస్ ద్వారా తవ్వితీయుట సాధారణముగా పనికిరాదు. రిట్టు వేరు, అప్పీలు వేరు. ట్రిబ్యునలుకు విచారణాధికారము కలదు; దాని ఏర్పాటు చెల్లును. ఇక న్యాయవాది సంగతి. ప్లీడరుద్వారా వాదించుకొను హక్కు ముద్దాయికి కలదని హైదరాబాదు క్రిమినలు ప్రొసీజరు చట్టమును చెప్పుచున్నది. అంత ఘోరమైన అభియోగములలో కోర్టే పూనుకొని న్యాయవాదిని ఏర్పరచుట సముచితమే. కాని, న్యాయవాది లేడన్న ఒక్క కారణముచేతనే ప్రతి మరణశిక్ష కేసులోను విచారణ చెల్లకపోవునని చట్టసూత్రముగా చెప్పుటకు వీలులేదు. అలబామా కేసులో చెప్పిన నియమము మన చట్టములో లేదు. పిటిషనులు కొట్టివేయబడెను.

అదే సంవత్సరము తారాసింగు కేసులోను సుప్రీముకోర్టు ఈ దారిలోనే నడచెను. న్యాయవాదిని పెట్టుకొనుట ముద్దాయికి గల హక్కు. అడిగినచో అవకాశము కల్పించుట కోర్టు విధి. కాని అడుగవలసినవాడు ముద్దాయియే. ఆనాటి చట్టము అంతవరకే వచ్చి నిలిచినది. అడుగుటకు తెలియనివాని సంగతి యేమి? అందుకు సమాధానము 1951లో లేదు.

న్యాయస్థానము తలుపులు రెండును మూసికొన్నను ఆ పండ్రెండుగురు ఉరికంబమెక్కలేదు. దేశములోను, వెలుపలను చెలరేగిన ఆందోళనమునకు ఫలితముగా వారి మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మార్చబడెను. చట్టము ఇయ్యలేని ప్రాణభిక్షను ప్రభుత్వము ఇచ్చెను. సంతోషమే. కాని భిక్షకును హక్కునకును చాల భేదమున్నది. భిక్ష ఇచ్చువాని దయపై ఆధారపడును. దేశదేశములనుండి తంతులు వచ్చినందుననో, ఎన్నికలు సమీపించినందుననో, కాలము కలిసివచ్చినందుననో అది లభింపవచ్చును. పేరులేని పల్లెలో పేరులేని ముద్దాయికి తంతులు పంపువారెవరు? అతనికి కావలసినది దయ కాదు, హక్కు.

ఆ హక్కు మెల్లమెల్లగా, మెట్టుమెట్టుగా వచ్చినది. 1963లో అమెరికా సుప్రీముకోర్టు గిడియన్ అను బీద ముద్దాయి జైలునుండి పంపుకొన్న విన్నపముపై, ఘోరనేర విచారణలలో పేదవానికి న్యాయవాదిని ఇచ్చి తీరవలెనని నిర్ణయించెను. మన దేశమున 1968లో బషీరా కేసు వచ్చెను. మరణశిక్ష పడదగిన కేసులో ముద్దాయికి న్యాయవాదిని ఇచ్చిరి గాని, సిద్ధపడుటకు వ్యవధి ఇయ్యలేదు. పేరునకు మాత్రమే ఉన్న న్యాయవాది చాలడని చెప్పి సుప్రీముకోర్టు ఆ శిక్షను రద్దుచేసి, పునర్విచారణకు ఆజ్ఞాపించెను. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో 304వ సెక్షను చేరినది. సెషన్సు విచారణలో ముద్దాయికి ప్లీడరును పెట్టుకొను స్తోమతు లేనిచో ప్రభుత్వ వ్యయముతో కోర్టే ప్లీడరును నియమింపవలెనని అది విధించినది. ఆ కోడు స్థానమున 2024 జూలై నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఈ నియమము నిలిచియున్నది.

1976లో చేసిన 42వ సవరణ రాజ్యాంగములో 39-ఏ అధికరణమును చేర్చెను. పేదరికము కారణముగా ఎవనికిని న్యాయము దక్కకపోరాదనియు, ఉచిత న్యాయసహాయమును రాజ్యము కల్పింపవలెననియు అందులో ఉన్నది. 1978లో హోస్కోట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యరును, 1979లో బీహారు జైళ్ళలో విచారణ లేక మగ్గుచున్న ఖైదీలకు సంబంధించిన హుస్సైనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతియు, ఈ సహాయము దయాధర్మము కాదు, జీవించు హక్కులోని భాగమే అని స్పష్టము చేసిరి. గోపాలన్ కేసులో ఫజల్ అలీ ఒంటరిగా పలికిన మాట అప్పటికి, మేనకాగాంధీ తీర్పు తరువాత, దేశపు చట్టమైయుండెను.

మన కథకు అసలైన ముగింపు 1986లో వచ్చినదని మా అభిప్రాయము. అరుణాచల ప్రదేశమునకు చెందిన సుక్‌దాస్ అను ముద్దాయిని న్యాయవాది లేకుండ విచారించి శిక్షించిరి. అతడు అడుగలేదు గదా అని కింది న్యాయస్థానము సమాధానము చెప్పెను. 1951లో చెల్లిన ఆ సమాధానము 1986లో చెల్లలేదు. అడుగుట తెలియనివాడు అడుగలేదని శిక్షించుట న్యాయము కాదు. ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదని అతనికి చెప్పుటయే కోర్టు మొదటి విధి అని సుప్రీముకోర్టు శిక్షను రద్దుచేసెను. 2012లో బొంబాయి ముట్టడి కేసు తీర్పులోను ఈ ధర్మమునే పునరుద్ఘాటించి, ముద్దాయిని మొదట తన యెదుట నిలిపిన నాడే మెజిస్ట్రేటు అతనికి న్యాయవాదిని ఏర్పరుపవలెనని చెప్పెను. 2019లో అనోఖీలాల్ కేసులో మరొక అడుగు ముందుకు వేసి, మరణశిక్షకు అవకాశమున్న కేసులలో కోర్టు నియమించిన న్యాయవాదికి సిద్ధపడుటకు కనీసము ఏడు దినముల వ్యవధి ఇయ్యవలెనని నిర్ణయించెను.

ఈ తీర్పులన్నింటిని వరుసగా పేర్చి చూచినచో, 1951లో మూసికొనిన తలుపునకు ముందు నిలిచిన ఆ పండ్రెండుగురి ప్రశ్నకు ఒక్కొక్క మాటగా సమాధానము వ్రాయబడుచు వచ్చినట్లు కనబడును. బషీరా తెలంగాణావాడు కాడు. సుక్‌దాస్ వారి పేరైనను విని యుండడు. అయినను వారి చేతిలోని దరఖాస్తు ఒక్కటే. తొలిసారి అది ఖారిజైనది. అయిననేమి? దరఖాస్తు మిసలులో నిలిచినది. న్యాయస్థానమున నిలిచిపోయిన ప్రశ్నకు వృద్ధాప్యము లేదు.

అట్లని అంతయు చక్కబడినదని చెప్పి మిమ్ము మభ్యపెట్టుట మా ఉద్దేశ్యము కాదు. చట్టమున్నంత మాత్రమున సహాయము ఇంటికి నడచిరాదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ప్రకారము దేశస్థాయినుండి తాలూకా స్థాయివరకు న్యాయసేవా సంఘములున్నవి. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాది లభించును. తక్కిన పేదలకు ఆదాయ పరిమితి కలదు. పోలీసు స్టేషనులో నున్న తమ్మునికొరకు, భూమి తగాదాలో చిక్కిన తల్లికొరకు, భరణము దక్కని చెల్లెలికొరకు, తెల్లకాగితముపై తెలుగులో వ్రాసిన దరఖాస్తు చాలును. కాని ఈ సంగతి యెరిగినవారెందరు? ఎరిగియు, "సర్కారిచ్చిన వకీలు మన పని చేయునా" అని సందేహించి, ఉన్న గుంటెడు భూమిని తాకట్టుపెట్టి ప్రైవేటు వకీలునొద్దకు పోవువారు లేకపోలేదు. ఆ సందేహమును తీర్చవలసిన భారము సహాయమిచ్చు న్యాయవాదులమీదనే ఉన్నది. పేరునకు మాత్రమే నిలిచిన న్యాయవాది లేనివానితో సమానమని బషీరా కేసు చెప్పి అర్ధశతాబ్దము దాటినది.

కావున ఈ సాయంకాలము మేము చెప్పదలచినది ఇంతే. బాన్సువాడలోనో, బిచ్కుందలోనో, ఎల్లారెడ్డిలోనో కోర్టు మెట్లెక్కు బీదమనిషి కనబడినప్పుడు, "అడుగుము, నీకు వకీలునిచ్చెదరు" అని చెప్పు మనిషి యొకడు ప్రక్కన ఉండవలెను. ఆ మాట అతని భాషలో, అతనికి బోధపడునట్లు చెప్పవలెను. అతడు అడుగుట మరచినను, కోర్టు చెప్పుట మరువరాదు. ఆ ఒక్క మాట 1949లో ఒక్కరైనను చెప్పియుండినచో, పండ్రెండుగురి కథ యెట్లు నడచెడిదో మనకు తెలియదు. నేరము రుజువై శిక్షయే పడియుండవచ్చును. కొందరు విడుదలయే అయి యుండవచ్చును. కాని శిక్షపడినవాడు సైతము, నా మాట విన్నారు అని అనుకొనుచు జైలుకు వెళ్ళియుండెడివాడు. న్యాయమునకు అంతకుమించిన నిదర్శనము వేరొకటి లేదు.

ఖారిజైన దరఖాస్తును మడిచి సంచిలో పెట్టుకొని బస్సు కొరకు నిలుచున్న మనిషిని మొదట తలచుకొంటిమి. అతడు ఆ కాగితమును పారవేయరాదు. దానిపై తేదీ, నంబరు ఉన్నవి. అతని బిడ్డలకో, అతడు ఎన్నడును చూడని ఏ దూరదేశపు ముద్దాయికో అది యొకనాడు పనికిరావచ్చును.